"మీ కంప్యూటర్‌లో స్పైవేర్ ఉంది" అని పాపప్ వస్తోంది: యాంటీవైరస్ కొనాలా, ఫార్మాట్ కొట్టించాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఇంట్లో విండోస్ ల్యాప్‌టాప్‌ని మీ నాన్నగారు వాడుతుంటారు. ఏదో వార్తల పేజీ చదువుతుండగా తెర మొత్తం నిండిపోయి "స్పైవేర్ దొరికింది, కంప్యూటర్ ఆపకండి, వెంటనే ఈ నంబర్‌కి ఫోన్ చేయండి" అని వచ్చింది, పైగా చెవులు చిల్లులు పడేలా బీప్ శబ్దం. ఆయన కంగారుపడి పవర్ బటన్ నొక్కేశారు. అప్పట్నుంచి సిస్టమ్ ఆన్ చేసినప్పుడల్లా కుడివైపు కింది మూలన "యాంటీవైరస్ గడువు ముగిసింది", "5 వైరస్‌లు దొరికాయి" అంటూ చిన్న చిన్న డబ్బాలు వస్తూనే ఉన్నాయి. కొత్త యాంటీవైరస్ కొనాలా, లేక ఫార్మాట్ కొట్టించాలా అన్నది మీ అనుమానం.

రెండూ అక్కర్లేదు. మీరు చెప్పినదాన్ని బట్టి మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది వైరస్ కాదు, ఏదో ఒక సైట్‌కి పొరపాటున ఇచ్చిన నోటిఫికేషన్ పర్మిషన్. దాన్ని తీసేయడం ఐదు నిమిషాల పని. కాకపోతే ఒక షరతు ఉంది. ఆ నంబర్‌కి ఫోన్ చేయలేదు, ఎవరికీ రిమోట్ (దూరం నుంచి మీ కంప్యూటర్‌ని నడిపే వీలు) ఇవ్వలేదు, డౌన్‌లోడ్ అయిన ఏ ఫైలునూ తెరవలేదు అని మీకు ఖాయంగా తెలియాలి. ఈ మూడింటిలో ఒక్కటి జరిగినా కథ వేరు, దాని గురించి కింద విడిగా రాశాను. నాన్నగారిని అడిగేటప్పుడు కాస్త నెమ్మదిగా అడగండి. "నేనేమీ నొక్కలేదు" అన్నది నేను ప్రతి ఇంట్లోనూ వినే మొదటి మాట, సగం సార్లు అది నిజం కాదు, తిడతారేమోనన్న భయం అంతే.

ముందు ఒక్క విషయం బుర్రలో పెట్టుకుంటే మిగతాదంతా తేలిక. వెబ్ పేజీకి మీ కంప్యూటర్‌ని స్కాన్ చేసే శక్తి లేదు. బ్రౌజర్ ఏ పేజీనీ మీ ఫైళ్ల జోలికి పోనివ్వదు, బ్రౌజర్ తయారీదారులు ఏళ్ల తరబడి కష్టపడింది ఆ కంచె కట్టడం కోసమే. పేజీకి తెలిసేవి మీ ఐపీ అడ్రస్, దాన్నిబట్టి సుమారుగా మీ ఊరు, మీరు వాడే బ్రౌజర్, విండోసా మ్యాకా అన్నది, ఇలాంటివి. ఈ నాలుగు ముక్కలనే పెద్ద అక్షరాల్లో వేసి "మీ సమాచారం మొత్తం మా దగ్గర ఉంది" అన్నట్టు బెదిరిస్తారు. గీత కదులుతూ 37 శాతం, 62 శాతం అని చూపించే స్కాన్ కేవలం బొమ్మ. రోడ్డు మీద పోయేవాడు ప్రహరీగోడ అవతల నిలబడి "మీ వంటింట్లో పాముంది" అని అరవడం లాంటిదన్నమాట, వాడు మీ వంటింటిని చూసిందెక్కడ? ఇంకో గుర్తు: విండోస్ ఇచ్చే నిజమైన హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఉండదు, ఇది మైక్రోసాఫ్ట్ స్వయంగా చెప్పే మాట. హెచ్చరికలో ఫోన్ నంబర్ ఉందంటే అది మోసమే, ఇక రెండో ఆలోచన అనవసరం.

తెర నిండిపోయినప్పుడు ఏం చేయాలో చెప్తాను, ఎందుకంటే మళ్లీ వస్తుంది. మౌస్ బాణం కనపడకుండా చేస్తారు, మూలన కనపడే ఇంటూ గుర్తు కూడా ఆ పేజీలోని బొమ్మే అయి ఉండొచ్చు, దాన్ని నొక్కితే ఇంకో పేజీ తెరుచుకుంటుంది. కాబట్టి మౌస్ వదిలేయండి. ఎస్కేప్ కీని కాసేపు నొక్కిపట్టండి, లేదా ఎఫ్11 నొక్కండి, ఫుల్ స్క్రీన్ పోయి మామూలు బ్రౌజర్ విండో కనిపిస్తుంది, ట్యాబ్ మూసేయొచ్చు. అప్పటికీ మొరాయిస్తే ఆల్ట్ ఎఫ్4. దానికీ లొంగకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో బ్రౌజర్ పేరు మీద నొక్కి ఎండ్ టాస్క్. ఏదీ తోచకపోతే మీ నాన్నగారు చేసినట్టు పవర్ బటన్ నొక్కిపట్టినా కొంప మునగదు, సేవ్ చేయని పని పోతుందేమో గానీ. "కంప్యూటర్ ఆపకండి" అని వాళ్లు రాసేది మీరు ఆపేస్తే వాళ్లకి నష్టం కాబట్టే. మళ్లీ బ్రౌజర్ తెరిచినప్పుడు "పాత పేజీలు రిస్టోర్ చేయాలా" అని అడిగితే వద్దనండి. కొందరి బ్రౌజర్‌లో అడక్కుండానే పాత పేజీలు తెరిచే సెట్టింగ్ ఉంటుంది, అలాంటప్పుడు వైఫై ఆపేసి బ్రౌజర్ తెరిచి ఆ ట్యాబ్ మూసేసి, తర్వాత వైఫై పెట్టుకోండి.

ఇక మీ అసలు తలనొప్పి, ఆ మూలన వచ్చే డబ్బాలు. ఈసారి వచ్చినప్పుడు దాని మీద నొక్కకుండా జాగ్రత్తగా చదవండి. క్రోమ్ అనో ఎడ్జ్ అనో బ్రౌజర్ పేరు, పక్కన ఒక సైట్ అడ్రస్ చిన్న అక్షరాల్లో కనిపిస్తే అది బ్రౌజర్ నోటిఫికేషనే, అందులో సందేహం లేదు. ఎప్పుడో ఏదో పేజీలో "మీరు రోబో కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి" అనో "వీడియో చూడాలంటే అలౌ నొక్కండి" అనో వచ్చి ఉంటుంది, ఆయన నొక్కి ఉంటారు. క్రోమ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ వరకు వెళ్లండి. అలౌ అన్న జాబితాలో మీకు తెలియని పేర్లు, అర్థం లేని అక్షరాల గుంపులు కనిపిస్తాయి, వాటన్నిటినీ తీసేయండి. ఎడ్జ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ సెట్టింగ్స్ వెతుకులాట డబ్బాలో నోటిఫికేషన్స్ అని కొడితే అక్కడికే తీసుకెళ్తుంది. అదే పేజీలో పైన, అసలు ఏ సైటూ నోటిఫికేషన్ పర్మిషన్ అడగకుండా ఆపేసే వీలు కూడా ఉంది. పెద్దవాళ్ల సిస్టమ్‌లో నేను దాన్ని ఆపేసి వస్తాను, ఇప్పటిదాకా ఎవరూ అది లేక ఇబ్బందిపడ్డామని చెప్పలేదు.

"వైరస్ పట్టింది" అని నా దగ్గరికి వచ్చే ఇంటి కంప్యూటర్లలో చాలావాటికి జబ్బు ఇదే. ఒకావిడ ల్యాప్‌టాప్‌లో ఈ డబ్బాల భయంతో మూడు యాంటీవైరస్‌లు వేయించుకున్నారు, ఒకదాన్ని ఒకటి అడ్డుకుంటూ సిస్టమ్ తెరుచుకోవడానికే యుగం పట్టేది, డబ్బాలు మాత్రం ఎప్పటిలాగే వస్తున్నాయి. ఎందుకు ఆగుతాయి? పర్మిషన్ ఇచ్చి పంపించమన్నది మనమే, యాంటీవైరస్ దృష్టిలో అక్కడ తప్పేమీ లేదు. మూడూ తీసేసి, పర్మిషన్లు తీసేసేసరికి అంతా సర్దుకుంది.

ఒక్క చిక్కుంది. "యాంటీవైరస్ గడువు ముగిసింది" అన్నది ఒక్కోసారి నిజం కూడా కావచ్చు. కొత్త ల్యాప్‌టాప్‌లతో ఏదో కంపెనీ యాంటీవైరస్ ట్రయల్ వస్తుంది, గడువు అయిపోయాక అది కూడా దాదాపు ఇదే భాషలో భయపెడుతుంది (ఈ విషయంలో అసలు కంపెనీలు కూడా తక్కువ తినలేదు). తేడా తెలుసుకోవాలంటే డబ్బా మీద నొక్కకండి, స్టార్ట్ మెనూలోంచి ఆ ప్రోగ్రామ్‌ని తెరిచి చూడండి. అసలు అలాంటి ప్రోగ్రామే లేకపోతే సంగతి తేలిపోయినట్టే. ఉండి, గడువు అయిపోయి ఉంటే దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసేయండి, విండోస్ సొంత యాంటీవైరస్ అయిన డిఫెండర్ దానంతటదే పని మొదలుపెడుతుంది.

కొత్తది కొనాలా అన్నదానికి నా జవాబు వద్దనే. విండోస్ 8 నుంచి డిఫెండర్ పూర్తిస్థాయి యాంటీవైరస్‌గా విండోస్‌తోపాటే వస్తోంది, ఏవీ-టెస్ట్ లాంటి పరీక్షా సంస్థల ఫలితాల్లో చాలా ఏళ్లుగా పైవరుసలోనే ఉంటోంది. ఇంటి వాడకానికి అది చాలు. అనుమానం తీరకపోతే మాల్‌వేర్‌బైట్స్ ఉచిత వెర్షన్ కానీ వాళ్లదే యాడ్‌డబ్ల్యుక్లీనర్ కానీ ఒకసారి నడిపి చూడొచ్చు. వాటిని వాళ్ల సొంత సైట్ నుంచే దించుకోండి, సెర్చ్‌లో పైన స్పాన్సర్డ్ అని వచ్చే లింకు నుంచి కాదు. పేరున్న సాఫ్ట్‌వేర్‌ల పేరుతో దొంగ ప్రకటనలు పెట్టి మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) అంటగట్టడం ఇప్పుడు బాగా నడుస్తున్న దందా.

పాపప్ చూసి కొనే యాంటీవైరస్ సంగతి అసలే వద్దు. ఈ వ్యాపారం కొత్తదేమీ కాదు. విన్‌ఫిక్సర్, ఎక్స్‌పీ యాంటీవైరస్ లాంటి పేర్లతో దొంగ స్కాన్ చూపించి పది లక్షల మందికి పైగా అంటగట్టారని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2008లో కేసు వేసింది, 2012లో ఆ కేసులోని ఒక ప్రతివాది 16.3 కోట్ల డాలర్లు కట్టాలని కోర్టు తీర్పిచ్చింది. మ్యాక్ వాళ్లు తమకి ఇవేవీ రావని మురిసిపోతుంటారు, 2011లో మ్యాక్ డిఫెండర్ అనే దొంగ సాఫ్ట్‌వేర్ వాళ్లకీ తగిలింది. అప్పట్లో సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు, ఇప్పుడు ఫోన్ చేయించుకుని మనిషి గొంతుతో దోచుకుంటున్నారు, అంతే తేడా.

పర్మిషన్లు తీసేశాక కూడా బ్రౌజర్ దానంతటదే వింత పేజీలకి వెళ్తుంటే ఇంకాస్త లోపలికి చూడాలి. మొదట ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్‌లు. కూపన్లు ఇస్తానన్నది, పీడీఎఫ్ మారుస్తానన్నది, సెర్చ్ మెరుగుపరుస్తానన్నది, మీకు గుర్తులేనిది ఏదైనా సరే తీసేయండి. నిన్నటిదాకా మంచిదే అయినా ఇవాళ చెడిపోవచ్చు. ది గ్రేట్ సస్పెండర్ అని లక్షల మంది వాడిన ఎక్స్‌టెన్షన్ చేతులు మారింది, అందులో మాల్‌వేర్ ఉందని 2021లో గూగుల్ దాన్ని తీసిపారేసింది. రెండోది, తీసేసినా మళ్లీ వస్తోందా? క్రోమ్ మూడు చుక్కల మెనూ అడుగున "మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్" అని కనిపిస్తోందేమో చూడండి. ఆఫీసు సిస్టమ్‌లో అయితే అది మామూలే. ఇంటి సిస్టమ్‌లో కనిపిస్తే మాత్రం అనుమానించాల్సిందే. కొన్ని యాంటీవైరస్‌లు కూడా అలా పెడతాయి గానీ, హోమ్‌పేజీ మారకుండా తాళం వేసే యాడ్‌వేర్ (బలవంతంగా ప్రకటనలు చూపించే సాఫ్ట్‌వేర్) చేసేదీ అదే పని, దాన్ని యాడ్‌డబ్ల్యుక్లీనర్ చాలావరకు శుభ్రం చేస్తుంది. మూడోది చాలామంది చూడరు: డెస్క్‌టాప్ మీద బ్రౌజర్ షార్ట్‌కట్‌ని కుడి నొక్కు నొక్కి ప్రాపర్టీస్‌లో టార్గెట్ గడి చూడండి, చివర ఏదైనా వెబ్ అడ్రస్ అతికించి ఉంటే ఆ షార్ట్‌కట్ చెరిపేసి కొత్తది పెట్టుకోండి. సిస్టమ్ తెరవగానే ఎవరూ ముట్టుకోకుండా బ్రౌజర్ తెరుచుకుంటుంటే టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ జాబితా, ఆ తర్వాత టాస్క్ షెడ్యూలర్ (సమయానికి ప్రోగ్రామ్‌లని దానంతటదే నడిపే విండోస్ సదుపాయం) చూడాలి.

చివరగా డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఒకటి. విండోస్ సెక్యూరిటీ, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, స్కాన్ ఆప్షన్స్‌లో ఉంటుంది. సిస్టమ్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా తెరుచుకోకముందే స్కాన్ అవుతుంది, పావుగంట పడుతుంది. విండోస్ నడుస్తుండగా దాక్కునేవి ఇందులో దొరికిపోతాయి.

ఫోన్ చేసి రిమోట్ ఇచ్చి ఉంటే ఈ శుభ్రం చేయడాలన్నీ పక్కనపెట్టి ముందు ఇంటర్నెట్ తీసేయండి. తర్వాత బ్యాంకుకి ఫోన్ చేయండి, కార్డు వెనక ఉన్న నంబర్‌కి, సెర్చ్‌లో దొరికిన నంబర్‌కి కాదు. అవతలివాళ్లు ఏం చేస్తారో నాకు బాగా తెలుసు, ఇలా ఇరుక్కున్నవాళ్లు చెప్పగా విన్నాను, వదిలివెళ్లిన జాడలు చూశాను. ముందు ఈవెంట్ వ్యూయర్ (విండోస్ తన పనుల్ని రాసుకునే చిట్టా) తెరిచి ఎర్ర గుర్తులు, పసుపు గుర్తులు చూపిస్తారు. అవి ఆరోగ్యంగా ఉన్న ప్రతి కంప్యూటర్‌లోనూ వందల కొద్దీ ఉంటాయి, మీరిప్పుడు ఇది చదువుతున్న దాంట్లోనూ ఉంటాయి. తర్వాత నల్ల తెరలో ట్రీ అనే కమాండ్ కొడతారు, ఫోల్డర్ల పేర్లు జలపాతంలా దూకుతుంటాయి, అది స్కాన్ అని నమ్మబలుకుతారు, అది నడుస్తుండగానే "వైరస్ దొరికింది" అని వాళ్లే టైప్ చేస్తారు, జాబితా అయిపోగానే ఆ ముక్క చివర్లో కంప్యూటరే చెప్పినట్టు కనిపిస్తుంది. పాత విండోస్‌లలో అయితే, డబ్బు ఇవ్వనన్నవాళ్ల సిస్టమ్‌కి సిస్‌కీ అనే సదుపాయంతో తాళం వేసేవాళ్లు, విండోస్ 10లో 2017లో వచ్చిన అప్‌డేట్ నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని తీసేసింది.

వాళ్లు వాడే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్, స్క్రీన్‌కనెక్ట్ అన్నీ మంచి సాఫ్ట్‌వేర్‌లే, నేనూ రోజూ వాడతాను. అందుకే యాంటీవైరస్ వాటిని చూసీ చూడనట్టు వదిలేస్తుంది, మోసగాళ్లకి కావాల్సిందీ అదే. ఒక్కసారి లోపలికి వచ్చాక, మీరు లేనప్పుడు కూడా రాగలిగేలా పాస్‌వర్డ్ పెట్టుకుని వెళ్తారు. ఒకచోట ఎనీడెస్క్ తీసేశామని ధీమాగా ఉన్నారు, నేను వెళ్లి ఇన్‌స్టాల్డ్ యాప్స్‌ని తేదీ వరుసలో పెట్టి చూస్తే అదే రోజు, అదే గంటలో ఇంకో రిమోట్ సాఫ్ట్‌వేర్ కూడా వేసి ఉంది. కాబట్టి తేదీ వరుస తప్పకుండా చూడండి. కొన్నాళ్లకి "మీ డబ్బు వాపసు ఇస్తాం" అని మళ్లీ ఫోన్ వస్తుంది. అది కూడా వాళ్లే, లేదా వాళ్ల దగ్గర నంబర్ల జాబితా కొనుక్కున్నవాళ్లు.

2024 నుంచి ఇంకో రకం బాగా పెరిగింది, ఇంట్లో పిల్లలు ఉంటే వాళ్లకీ చెప్పండి. మీరు మనిషేనని నిరూపించుకోమంటూ మామూలు క్యాప్చా లాంటి పేజీ వస్తుంది, బొమ్మలు ఎంచుకోమనే బదులు "విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కండి, తర్వాత కంట్రోల్ వి, తర్వాత ఎంటర్" అంటుంది. ఆ పేజీ అప్పటికే మీ క్లిప్‌బోర్డ్‌లోకి (కాపీ చేసింది ఉండే చోటు) ఒక కమాండ్ ఎక్కించి ఉంటుంది, మీ చేత్తోనే దాన్ని నడిపిస్తారు. వెబ్ పేజీ కంచె దాటలేదని పైన చెప్పాను కదా, ఇక్కడ గేటు తీసేది మనమే. విండోస్ కీ, ఆర్ నొక్కితే తెరుచుకునే రన్ డబ్బాలో ఏదైనా పేస్ట్ చేయమనే ఏ సైటైనా దొంగదే. దీన్ని క్లిక్‌ఫిక్స్ అంటున్నారు. ఇలా వచ్చేవాటిలో ఎక్కువ లుమా లాంటి సమాచారం దొంగిలించే మాల్‌వేర్‌లు, బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, లాగిన్ కుకీలు (మీరు లాగిన్ అయి ఉన్నారని సైట్‌కి గుర్తుచేసే చిన్న ముక్కలు) నిమిషాల్లో పట్టుకుపోతాయి. తెర మీద ఏ బెదిరింపూ ఉండదు, బీప్ ఉండదు. అసలైన స్పైవేర్ అలాగే ఉంటుంది. నన్నడిగితే గోలచేసే పాపప్ కంటే నూరు రెట్లు ప్రమాదం ఇదే. క్రాక్ చేసిన గేములు, విండోస్ యాక్టివేటర్లు, "డిఫెండర్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయండి" అని రాసి ఉండే ప్రతిదీ ఈ కోవలోదే.

అలాంటిది నడిచిందని అనుమానం ఉంటే పాస్‌వర్డ్‌లు మార్చాలి, కానీ ఆ కంప్యూటర్‌లో కాదు, ఫోన్‌లోనో వేరే సిస్టమ్‌లోనో. ముందు ఈమెయిల్, తర్వాత బ్యాంకు, ఆ తర్వాతే మిగతావి. ఈమెయిల్ వాళ్ల చేతిలో ఉంటే మిగతావి మార్చినా ఉపయోగం లేదు. పాస్‌వర్డ్ మార్చి ఊరుకోకుండా "అన్ని డివైస్‌లలోనూ సైన్ అవుట్" కూడా నొక్కండి, ఎందుకంటే దొంగిలించిన కుకీతో పాస్‌వర్డ్ గానీ ఓటీపీ గానీ లేకుండానే లోపలికి రావచ్చు. ఈమెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, రికవరీ ఫోన్ నంబర్ రెండూ చూడండి, మీవి కానివి చేర్చి ఉంటే తీసేయండి.

మళ్లీ రాకుండా ఏం చేయాలంటే, నేను ముందు పెట్టేది యాడ్ బ్లాకర్. మీ నాన్నగారు చూసింది మామూలు వార్తల పేజీయే కదా, ఆ పాపప్ పేజీది కాదు, అందులోని ప్రకటనది. 2016 మార్చిలో న్యూయార్క్ టైమ్స్, బీబీసీ లాంటి సైట్లలోని ప్రకటనల్లోనే మాల్‌వేర్ వచ్చింది. 2022 డిసెంబర్‌లో అమెరికా ఎఫ్‌బీఐ కూడా యాడ్ బ్లాకర్ వాడమని జనానికి చెప్పింది. ఫైర్‌ఫాక్స్‌లో అయితే యూబ్లాక్ ఆరిజిన్, క్రోమ్‌లో దాని లైట్ వెర్షన్ పెట్టండి. ఎడ్జ్ వాడితే సెట్టింగ్స్‌లో స్కేర్‌వేర్ బ్లాకర్ అని ఉంటుంది, తెర నింపే ఇలాంటి పేజీల కోసమే పెట్టారు, ఆన్‌లో ఉందో లేదో చూడండి.

రెండోది, నాన్నగారికి అడ్మిన్ కాని మామూలు యూజర్ అకౌంట్ చేసి ఇవ్వండి, అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గర ఉంచుకోండి. దీంతో అన్నీ ఆగిపోవు, పాస్‌వర్డ్‌లు దొంగిలించేవాటికి అడ్మిన్ అవసరమే లేదు. కానీ ఏదైనా ఇన్‌స్టాల్ చేయాలంటే మీకు ఫోన్ వస్తుంది, ఆ ఒక్క ఫోన్ కాల్ చాలా అనర్థాలు ఆపుతుంది. అప్‌డేట్ల గురించి కొత్తగా చెప్పేదేముంది, కాకపోతే మీది విండోస్ 10 అయితే దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, ఆ విషయం ఈ పాపప్‌ల కంటే ముందు చూసుకోండి.

ఫార్మాట్ సంగతి కూడా అడిగారు కాబట్టి, ఎప్పుడు కొట్టాలో చెప్తాను: రిమోట్ ఇచ్చి చాలాసేపు వదిలేసినప్పుడు, రన్ డబ్బాలో పేస్ట్ చేసినప్పుడు, క్రాక్ ఫైలు తెరిచాక డిఫెండర్ ఆన్ కాకుండా మొండికేసినప్పుడు నేను మరో ఆలోచన లేకుండా కొడతాను. ఫోటోలు, డాక్యుమెంట్లు మాత్రమే బయటికి తీసి, ఇన్‌స్టాలర్ ఫైళ్లు ఏవీ వెనక్కి తేకుండా, ఇంకో కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి తయారుచేసిన పెన్‌డ్రైవ్‌తో. మీ కేసులో ముందు నోటిఫికేషన్ల జాబితా చూడండి. అక్కడ తెలియని పేర్లు ఏమీ లేకపోతే, ఆ డబ్బాలో కనిపించే సైట్ అడ్రస్, ఎక్స్‌టెన్షన్ల పేర్లు ఇక్కడే కింద రాయండి, చూసి చెప్తాను.